ఒక క్యాను తోడు

పుణ్యక్షేత్రాలకు వెళ్ళొచ్చినవాళ్ళు ఇరుగుపొరుగులకు ప్రసాదం పంచుతారు. కర్నూలు, కడప జిల్లాలు తిరిగి నేను విజయవాడ చేరిన రోజు మా ఆవిడ నన్ను గుమ్మంలోనే ఆపేసి, పెరటి దారిన పంపించింది. రెండు బకెట్లు కుమ్మరించుకున్నాక గాని ఇంట్లోకి రానివ్వలేదు. ఆ చొక్కా ఇంకా పెరటి తీగమీదే వేలాడుతోంది. కాబట్టి ఈ యాత్ర గురించి చెప్పడం తప్ప, పంచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

నేను ఒక వ్యవసాయ మాసపత్రికలో పనిచేస్తాను. కరువు సీమలో పంట చెత్తతో వంటగ్యాసు చేస్తున్నారట, చూసి రమ్మన్నారు మా సంపాదకులు. చూసి రమ్మన్నారు గాని మోసుకుపొమ్మనలేదు. ఆ రెండో పని నా తలరాత.

కర్నూలు

కర్నూలులో దిగగానే ఉగ్గాని తిన్నాను. బొరుగులు నానబెట్టి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ఎనిమిది రూపాయలు. మా వైపు బొరుగుల్ని చంటిపిల్లల చేతిలో పోసి ఏడుపు మాన్పిస్తాం. ఇక్కడ వాటితో పెద్దవాళ్ళనే ఏడిపిస్తారు. ఆ బజ్జీ కారానికి కళ్ళు తుడుచుకుంటూనే ఆఫీసుకు వెళ్ళాను.

రెండు జిల్లాల చెత్త గ్యాసుకూ ఒకటే ఆఫీసు. వరండాలో అటెండరు కిరోసిన్ స్టవ్వు మీద టీ కాస్తున్నాడు. లోపల ఆఫీసరుగారు నన్ను ఆదరంగానే కూర్చోబెట్టి విషయం వివరించారు. జొన్న సొప్ప, వేరుసెనగ తీగ, కుళ్ళిన కూరగాయలు, ఏదైనా సరే ముక్కలు కొట్టి నీళ్ళు కలిపి, గాలి చొరబడని తొట్టిలో మూసిపెట్టాలి. లోపలి సూక్ష్మజీవులు ఆ చెత్తను తిని గ్యాసు వదులుతాయి. అది గొట్టంలోంచి వచ్చి పొయ్యిలో మండుతుంది. మిగిలిన మడ్డి పొలానికి ఎరువు.

"అంటే గోబర్ గ్యాసేగా?" అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "అదే వద్దన్నది. ఇందులో పేడ ఉండదండీ. ఒక్క పిసరు తగలకూడదు."

"తగిలితే?"

"గోబర్ గ్యాసు అయిపోతుంది. అది వేరే శాఖ."

న్యాయంగా చెప్పాలంటే మొదట ఆలోచన మంచిదే. వరసగా కరువులొచ్చి జనం పశువుల్ని అమ్ముకున్నారు. పశువు లేని ఇంట్లో పేడ ఎక్కడిది? అందుకని పేడ లేకుండా గ్యాసు. ఆ ఆలోచన ఆఫీసులోకి వచ్చేసరికి మడి కట్టుకుంది, అంతే.

గోడమీద పెద్ద ఫోటో ఒకటి ఉంది. ఒకామె గడ్డపార ఎత్తి తన మట్టిపొయ్యిని పగలగొడుతోంది. చుట్టూ అధికారులు చప్పట్లు కొడుతున్నారు. ఆమె పేరు దానమ్మట. జమ్మలమడుగు అవతల, గండికోట వైపు చిన్న పల్లె. తొట్టి ప్రారంభించిన రోజు పొయ్యి పగలగొట్టే కార్యక్రమం కూడా పెట్టారు. ఇక ఈ ఇంట్లో కట్టెపొయ్యి అక్కర్లేదని లోకానికి తెలియాలి కదా!

"ఆవిడ ఇంట్లో గ్యాసు వెలుగుతోందా?" అన్నాను.

"వెలుగుతుందండీ."

తెలుగులో ఈ మాటకు రోజూ అనీ అర్థముంది, ఎప్పుడో అనీ అర్థముంది. మన ఆఫీసులన్నీ నడిచేది ఈ సదుపాయం మీదే. నేను రెట్టించి అడిగితే ఆయన దారికొచ్చారు. దానమ్మ పొయ్యి పగలగొట్టి నెల దాటింది. గ్యాసు ఇంకా అంటుకోలేదు. కారణం, తోడు లేదు. పాలు పెరుగు కావాలంటే తోడు పెట్టాలి కదా, అలాగే కొత్త తొట్టికి పాత తొట్టిలోని బతికున్న మడ్డి పోయాలి. నందికొట్కూరు దగ్గర మాబుసాబు అనే రైతు తొట్టి దివ్యంగా మండుతోంది.

"మీరెలాగూ ఆ ఊరూ ఈ ఊరూ చూస్తారు కదా. ఒక క్యాను పట్టుకెళ్ళి దానమ్మకు ఇవ్వండి. మా జీపుకు డీజిలు మంజూరు కాలేదు," అన్నారాయన.

గ్యాసు చేసే ఆఫీసుకు డీజిలు లేకపోవడం సబబుగానే తోచింది. ఒప్పుకున్నాను.

నందికొట్కూరు దారిలో

మాబుసాబు అరవై దాటిన మనిషి. తొట్టిని కొత్త అల్లుణ్ణి చూపించినట్టు చూపించాడు. ఆయన భార్య గ్యాసు పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. మంట నీలంగా, బుద్ధిగా ఉంది. రొట్టెలోకి వేరుసెనగ చట్నీ, పచ్చి ఉల్లిపాయ పెట్టింది. మనం వేరుసెనక్కాయలు అనేవి ఇక్కడ బుడ్డలు, ఉల్లిపాయలేమో ఎర్రగడ్డలు. ఈ రెంటి చెత్తే ఆ తొట్టికి మేత. ధర పడిపోయి మార్కెట్లో పారబోసిన ఎర్రగడ్డలు బండెడు తెచ్చి తొట్టికి కొంచెం కొంచెంగా పెడుతున్నాడు.

"మరి నీకు మొదట్లో తోడు ఎక్కడిది మాబుసాబూ?" అన్నాను రొట్టె తింటూ.

ఆయన గేటు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవురికీ చెప్పాకు సార్. మా బావమరిది ఎద్దుల పేడ. సొప్ప ఏసి ఏసి శానా తిప్పలు పడితి. గాలి వస్తాది, అంటుకోదు. ఇంగ ఇట్ల కాదని రెండు గంపలు పేడ ఏసినా. అప్పట్నుంచి బరోబర్ మండుతాండాది."

"ఆఫీసుకు చెప్పలేదా?"

"చెప్తే తొట్టి గోబర్ గ్యాసోళ్ళకు రాసిస్తామంటారు. వాళ్ళొచ్చి ఎర్రగడ్డలు ఎయ్యాకు, పేడే ఎయ్యమంటారు. నాకేమో ఎద్దులు లేవాయ."

పాత నూనె క్యానులో మడ్డి నింపి ఇచ్చాడు. గాలి తగలకుండా మూత బిగించాలి. కాని లోపల గ్యాసు పుడుతూనే ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు కాస్త వదులు చేసి మళ్ళీ బిగించాలి. "ఎండలో పెట్టాకు. బిడ్డను చూసుకున్నట్టు చూసుకో సార్," అన్నాడు. నా పిల్లల్నే నేను అంత శ్రద్ధగా చూసుకోలేదని మా ఆవిడ ఫిర్యాదు.

ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం

కర్నూలు దాకా వెళ్ళి మంత్రాలయం చూడకుండా వస్తే బాగుండదని మా ఇంట్లో ముందే హెచ్చరిక. అందుకని తోడుతో సహా అటు బస్సెక్కాను. ఎమ్మిగనూరు బస్టాండులో టీ తాగుతూ క్యాను సంగతి మరిచిపోయాను. అది మరిచిపోలేదు. టప్పుమని మూత ఎగిరి పక్క బెంచీ కింద పడింది. నా చొక్కా మీద నందికొట్కూరు తాలూకా చెత్త అంతా కనిపించింది.

"ఏంది సామీ అది?" అన్నాడు టీ కొట్టతను.

"పెరుగుతోడు లాంటిది," అన్నాను.

"మీ ఊర్లో పెరుగు ఇట్లుంటాదా?" అని అతను జాలిగా చూసి టీ డబ్బులు తీసుకోలేదు.

మూత మర పాడైపోయింది. గుడ్డ కుక్కి మంత్రాలయం చేరాను. అక్కడ కొత్త క్యాను కోసం కొట్లన్నీ తిరిగితే దొరికేవి ఒకటే రకం. ఆకుపచ్చ ప్లాస్టిక్కు, దాని మీద స్వామి బృందావనం బొమ్మ. భక్తులు తుంగభద్ర నీళ్ళు పట్టుకెళ్ళేవి. "నూనె క్యాన్లు ఈడ అమ్మరప్పా. తీర్థం క్యాన్లే," అన్నాడు కొట్టతను. చేసేదేముంది? సత్రం వెనక్కు వెళ్ళి, ఎవరూ చూడకుండా, మాబుసాబు మడ్డిని స్వామివారి క్యానులోకి మార్చాను. మనసులో లెంపలు వేసుకున్నాను. చేతులు ఖాళీగా లేవు.

దర్శనం బాగా జరిగింది. భోజనంలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు, అయినా మూడుసార్లు అడిగి వడ్డించుకున్నాను. అంత పవిత్రమైన ఊళ్ళో ఉల్లివాసన వస్తున్న వస్తువు నా చొక్కా ఒక్కటే.

ప్రొద్దుటూరు బస్సు

మర్నాడు నంద్యాల మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సులో నా పక్కన ఒక శెట్టిగారు కూర్చున్నారు. నంద్యాలలో బట్టల వ్యాపారం. ఆయన దగ్గరా అచ్చం అలాంటి ఆకుపచ్చ క్యానే. కండక్టరు రెండింటినీ తీసుకెళ్ళి డ్రైవరు వెనక పక్కపక్కన పెట్టాడు.

"మీరూ పెద్ద క్యానే తీసుకుంటిరే. ఇంట్లో శుభకార్యమాప్పా?" అన్నారు శెట్టిగారు.

"జమ్మలమడుగు దగ్గర ఒకరింట్లో పొయ్యి వెలిగించాలండీ."

"ఓహో, గృహప్రవేశం! శానా మంచిది," అని ఆయన క్యాను వైపు దణ్ణం పెట్టారు. వివరంగా చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసుకున్నాను. ఆయనకు మర్నాడు కొత్త కొట్టు ప్రారంభం. తీర్థం తీసుకెళ్ళి గల్లాపెట్టె మీదా, కొత్త చీరల బీరువాల మీదా చల్లుతారట. అందుకోసం దీక్ష పట్టి ఇంటిల్లిపాదీ ఎర్రగడ్డ, తెల్లగడ్డ మానేశారు. దారిలో బజ్జీలు అమ్మవస్తే ఆయన ముక్కు మూసుకున్నారు.

కర్నూలు దాటాక నేను వెళ్ళి మూత కాస్త వదులు చేశాను. ఉస్సుమంది. ముందు సీట్లో ముసలమ్మ ఉలిక్కిపడి, క్యాను మీది బొమ్మ చూసి, "సామి పలుకుతాండాడు" అని చెంపలు వేసుకుంది. ఆవిడ చూసి పక్కావిడా వేసుకుంది. ఇంతలో వాసన శెట్టిగారిదాకా వచ్చింది.

"ఎవురప్పా బస్సులో ఎర్రగడ్డలు పెట్టింది? బుద్ధుండాల్నా లేదా?" అని ఆయన లేచి నిలబడ్డారు. వెనక సీట్లో మూటతో ఉన్న రైతు మీద పడ్డారు. పాపం, మూట విప్పి చూపించినా వినలేదు. అందులో ఉన్నవి బుడ్డలే. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ రైతు ఎక్కడున్నా నన్ను క్షమించాలి.

తర్వాత ఎండకు కునుకు పట్టింది. నంద్యాలలో శెట్టిగారు నా భుజం తట్టి, "పోయొస్తానప్పా, పొయ్యి చల్లగా వెలగాల" అన్నట్టు గుర్తు. పొయ్యి చల్లగా ఎలా వెలుగుతుందా అని నిద్రలోనే ఆలోచించాను. ఆయన చేతిలో ఏ క్యాను ఉందో మాత్రం చూడలేదు.

పొగ లేని ఇల్లు

రాత్రి ప్రొద్దుటూరులో గడిపి, మర్నాడు పొద్దున జమ్మలమడుగు నుంచి ఆటోలో దానమ్మ ఊరు చేరాను. గోడమీద పెద్ద అక్షరాలతో 'పొగ లేని ఇల్లు' అని రాసి ఉంది, కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. నిజంగానే పొగ లేదు. మంట లేనిచోట పొగ ఎందుకుంటుంది?

దానమ్మ, ఆమె భర్త యాకోబు ఉన్న కొద్దిపాటి మెట్ట చేస్తూ కూలికి కూడా వెళతారు. ఇంట్లో ఏసుప్రభువు పటం, దాని కింద తళతళలాడే గ్యాసు పొయ్యి. నెల రోజులుగా దాన్ని రోజూ తుడుస్తోంది. పొయ్యి ఉండిన చోట మట్టి మరక మాత్రం మిగిలింది.

"గాలి వస్తాంది సార్, అంటుకోవడం ల్యా," అంది దానమ్మ. అగ్గిపుల్ల గీసి చూపించింది. గొట్టంలోంచి వచ్చిన గాలి ఆ పుల్లనే ఆర్పేసింది.

"మరి వంట?"

యాకోబు పక్కింటి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. అది వాళ్ళన్న ఇల్లు. దానమ్మ తోడికోడలు సువార్తమ్మది. ఇద్దరికీ గట్టు దగ్గరో కోడిపిల్ల దగ్గరో మొదలైన తగువు, చాలా ఏళ్ళుగా మాటల్లేవు. పొయ్యి పోయాక దానమ్మ రోజూ తప్పేలా పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి వండుకోవాల్సి వచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ సువార్తమ్మ గోడకు చెప్పినట్టు, "గ్యాసు దొరసాని వచ్చె, జరగండి జరగండి" అంటుందట.

"మూడు రాళ్ళు పెట్టుకుని వండుకోవచ్చు కదా?" అన్నాను.

"ఆ రాత కింద పొగ పెట్టమంటావా సార్?" అంది దానమ్మ గోడ చూపిస్తూ. "ఊరంతా నన్ను చూడనీకి వచ్చింటిరి గడ్డపార ఎత్తిననాడు. నేనే ఎత్తితి, నేనే పగలగొడితి. ఇప్పుడు మళ్ళా మట్టి పిసుక్కుంటే నగరా?"

ఫోటోలో ఆమె గర్వంగా నవ్వుతోంది. ఎదురుగా ఉన్న మనిషి అలా లేదు. నాకు ఆ చప్పట్ల మీద కోపం వచ్చింది. అందుకే క్యానును ఎత్తి, పెద్ద పని చేస్తున్నవాడిలా, "ఇదిగో తోడు తెచ్చాను" అన్నాను. ఊళ్ళోవాళ్ళు పాతికమంది పోగయ్యారు. గోడ అవతల సువార్తమ్మ కూడా చీపురు ఆపి నిలబడింది.

మూత తీశాను. ఉస్సుమనలేదు. వంచాను. తేటగా, చల్లగా నీళ్ళు పడ్డాయి. వెంట ఒక తులసాకు వచ్చింది.

"ఇవి నీళ్ళు కదా సార్," అన్నాడు యాకోబు మర్యాదగా.

ఆ క్షణాన నంద్యాలలో కొత్త బట్టల కొట్టు, కొత్త చీరలు, వాటిమీద మామిడాకుతో చల్లుతున్న మాబుసాబు ఎర్రగడ్డల మడ్డి, వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆ కొట్టులో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కనుక్కునే ధైర్యమూ లేదు. నంద్యాల మీదుగా తిరిగిరావాల్సి ఉన్నా తాడిపత్రి మీదుగా వచ్చాను.

దానమ్మ అరుగు మీద కూలబడింది. నెల రోజుల ఆశ ఒక మూతతో పోయింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆమె ముఖం చూడలేక, ఎవరికీ చెప్పొద్దన్న సంగతి చెప్పేశాను. మాబుసాబు తొట్టికి మొదటి తోడు పేడేనని.

"ఊళ్ళో ఎవరి దగ్గరైనా పశువు ఉందా?"

అందరి చూపులూ గోడ అవతలికే పోయాయి. కరువుకు అమ్మగా ఆ ఊళ్ళో మిగిలింది ఒక్కటే గేదె. అది సువార్తమ్మది.

"పక్కనే ఉందా! మరి ఇన్ని రోజులూ అడగలేదేం?"

"పేడ తగలకూడదని ఆపీసరు సారు చెప్పినాడు," అన్నాడు యాకోబు.

"అది ఒగటి," అంది దానమ్మ నేల చూస్తూ. "వండుకోనీకి పొయ్యి అడుక్కున్నా. పేడ గూడా అడుక్కోవాల్నా?"

అంతే. కర్నూలులో శాఖల తగువు, ఇక్కడ తోడికోడళ్ళ తగువు. మధ్యలో నేను రెండు జిల్లాలూ క్యాను మోశాను.

అప్పుడు గోడ అవతలి నుంచి సువార్తమ్మ గొంతు లేచింది. "అడిగింటే ఇయ్యనందునా నేను? దినామూ నా పొయ్యి కాడ కూచుంటే నా బియ్యం ఎప్పుడు ఉడకాల? నేను పొద్దు గుంకినాక తింటాండా!"

"పేడ వేస్తే ఆఫీసులో ఒప్పుకోరేమో," అన్నాను, నా వంతుగా.

"మీ ఆపీసరు వచ్చి నా పొయ్యి మింద వండుకుంటాండాడా?" అంది. ఈ ప్రశ్న ఏ శాఖ కిందికి వస్తుందో నాకు తెలియలేదు.

కాసేపటికి ఆమే గంపతో వచ్చింది. దానమ్మను చూడకుండా, యాకోబుతో, "యాడ పొయ్యాలో చూపీ మరిదీ" అంది. దానమ్మ కూడా ఆమెను చూడకుండా లేచి బకెట్టులో నీళ్ళు తెచ్చి పేడ కలపడం మొదలుపెట్టింది. కాసేపు ఒకే బకెట్టులో రెండు జతల చేతులు తిరిగాయి. తర్వాత దానమ్మ, "గడ్డలు లేకుండా కలుపుక్కా" అంది. ఏళ్ళ తరబడి మూగబోయిన తగువులో అది మొదటి మాట అని యాకోబు నా చెవిలో చెప్పాడు.

తీర్థం ఇంకా క్యానునిండా ఉంది. ఆ ఎండల్లో నీళ్ళు పారబోసే పాపం ఎవరూ చేయరు. సువార్తమ్మ తీసుకెళ్ళి గేదె ముందు పెట్టింది. అది గటగటా తాగేసింది. ఆ రకంగా శెట్టిగారి తుంగభద్ర తీర్థం కూడా కొంచెం ఆలస్యంగా తొట్టికే చేరింది.

గండికోట

ఆ మధ్యాహ్నం సువార్తమ్మ పొయ్యి మీద వండిన రాగి సంగటి, చింతాకు పప్పు తిన్నాను. సంగటి ముద్దను నమలకూడదు, మింగాలి. నేను నమిలానని పిల్లలు నవ్వారు. రోజూ ఒక గంప చొప్పున పేడ వేయాలి, మంట రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అంతదాకా నేను ఆగలేను.

వెళ్ళేముందు యాకోబు సైకిలు మీద గండికోట చూపించాడు. కోట కింద పెన్న రాతిని నిలువునా కోసుకుంటూ పోయిన లోయ చూస్తే ఎవరికైనా మాట పడిపోతుంది. మా కృష్ణ కాలువల పక్కన పుట్టినవాణ్ణి, నీళ్ళు ఇంత కష్టపడి దారి చేసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఖాళీ తీర్థం క్యాను నా చేతిలోనే ఉంది. ఒక యాత్రికుడు దాన్ని చూసి, "మంత్రాలయం నుంచాప్పా? ఒక్క గుక్క పొయ్యరాదా?" అన్నాడు. అయిపోయిందన్నాను. యాకోబు లోయ వైపు తిరిగి చాలాసేపు నవ్వాడు.

తిరిగొచ్చాక

నెల తర్వాత మా పత్రికకు ఆఫీసు నుంచి ఒక ఫోటో వచ్చింది. దానమ్మ గ్యాసు పొయ్యి, దాని మీద నీలి మంట, పక్కన ఆఫీసరుగారు. కింద 'పేడ లేని గ్యాసు' అని శీర్షిక వేయమన్నారు. మూలన, తలుపు పక్కన, సగం కనిపిస్తున్న గంప ఒకటి ఉంది. దాన్ని కత్తిరించమని మా ఆర్టిస్టుకు చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ వారమే దానమ్మ జమ్మలమడుగు టెలిఫోను బూతు నుంచి ఫోను చేసింది.

"అంటుకునె సార్! నీలంగా ఉండాది. బియ్యం ఉడికె, పప్పు ఉడికె."

"అమ్మయ్య! ఇక సువార్తమ్మకు నీ బాధ తప్పింది."

"యాడ సార్! ఆమె ఈడనే వండుకుంటాంది. పేడ నాది, మంటలో సగం నాదేనంటాంది. నా అన్నం దించేదాకా గుమ్మం కాడ కూచుంటాది."

నాకు నవ్వాగలేదు. "పొమ్మనకూడదూ? ఆవిడ పొయ్యి ఆవిడకు ఉందిగా."

"ల్యా సార్," అంది దానమ్మ. "ఆపీసరు సారు మళ్ళా పోటోకు వచ్చిండె గదా, గడ్డపార అడిగి తీసుకుని ఆమె గూడా పగలగొట్టేసె."

ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు, ఇక రెండిళ్ళ వంటకూ ఆధారమైన ఆ ఒక్క గేదే నా కళ్ళముందు మెదిలింది.